అడగండి, తోచింది చెప్తా: ఏప్రిల్లో మునిగి సెప్టెంబర్లో తేలిన లయన్స్

పోయిన సంచికలో మాటవరసకి ఒక్క ముక్క రాశా, మన ఆర్‌సీబీ 2024 సీజన్‌కి పెద్దన్న లాంటిది ఆస్ట్రేలియాలో ఒకటుంది, బ్రిస్బేన్ లయన్స్ అని, వాళ్ళ సొంత రకం ఫుట్‌బాల్ ఆడే టీమ్ అని. రాసి మర్చిపోయా. తీరా చూస్తే ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని మీదే, అవీ దాదాపు బెంగళూరు నుంచే. ఇంటి ఓనరు అడ్వాన్స్ వెనక్కి ఇవ్వట్లేదని రాసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, వచ్చే నెల మీ వంతు.

ప్ర: అన్నా, మా క్లయింట్ బ్రిస్బేన్ వాళ్ళు. సోమవారం కాల్ మొదలైతే మొదటి పది నిమిషాలు లయన్స్ గోలే. మా మేనేజర్ "ఊ కొట్టు చాలు" అన్నాడు, నేను ఏడాదిగా ఊ కొడుతూనే ఉన్నా. 2024 పేరెత్తితే క్లయింట్ గొంతు మారిపోతుంది. అసలు ఆ ఏడాది ఏం జరిగింది? (వైట్‌ఫీల్డ్ పీజీలో ఒక తమ్ముడు)

జ: ఏడాది పాటు అర్థం కాకుండా ఊ కొట్టావంటే నువ్వు ఐటీలో పైకొస్తావు తమ్ముడూ, డౌటే లేదు.

కథ 2024లో కాదు, 2023 సెప్టెంబర్ 30న మొదలైంది. మెల్బోర్న్‌లో ఫైనల్, వాళ్ళ భాషలో గ్రాండ్ ఫైనల్, లక్ష మంది జనం, లయన్స్ కాలింగ్‌వుడ్ చేతిలో 90-86తో ఓడిపోయారు. ఈ ఆటలో ఒక గోల్‌కి 6 పాయింట్లు, అంటే ఇంకొక్క గోల్ పడుంటే కప్పు వీళ్ళదే. చేతికొచ్చింది నోటికి అందలేదు.

సరే, కొత్త సీజన్. మొదటి మ్యాచ్ 2024 మార్చి 8న, సొంత గ్రౌండ్ గబ్బాలో, కార్ల్‌టన్ మీద. మనకి ఆ రోజు శివరాత్రి. 46 పాయింట్ల ఆధిక్యంలోకి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి జారుతూ జారుతూ వచ్చి ఒక్క పాయింట్‌తో ఓడారు. మనం ఇక్కడ జాగారం చేస్తే పాపం వాళ్ళు అక్కడ చేసుంటారు. ఆ మ్యాచ్‌లోనే కీడియన్ కోల్‌మన్ అనే మంచి డిఫెండర్ మోకాలు కూడా పోయింది. తర్వాత ఫ్రీమాంటిల్ చేతిలో ఒకటి, మళ్ళీ ఆ కాలింగ్‌వుడ్ చేతిలోనే ఒకటి, మూడుకి మూడూ పాయె. రెండు గెలిచి హమ్మయ్య అనుకునేలోపు జీలాంగ్ చేతిలో ఓడారు, ఏప్రిల్ 25న జీడబ్ల్యూఎస్ అని సిడ్నీ టీమ్ ఒకటుంది, అది వీళ్ళని ఉతికి ఆరేసింది. ఏడు మ్యాచ్‌లకి రెండే గెలుపులు.

ఆ తేదీ గుర్తుపెట్టుకో, ఏప్రిల్ 25. సరిగ్గా అదే రోజు సాయంత్రం ఉప్పల్‌లో ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు. నాలుగు రోజుల ముందే ఈడెన్‌లో కోల్‌కతా చేతిలో ఒక్క పరుగుతో ఓడి, ఎనిమిదింట్లో ఒక్కటే గెలిచి, ఆఫీసుల్లో మీమ్స్‌కి ముడిసరుకై కూర్చున్న ఆర్‌సీబీ ఆ రోజు సన్‌రైజర్స్‌ని 35 పరుగులతో కొట్టింది, అక్కణ్ణుంచి వరసగా ఆరు. నేను ఆ రోజు ఎవరి వైపున్నానని అడక్కు, జీతం బెంగళూరులో, చుట్టాలందరూ హైదరాబాద్‌లో, నోరు మూసుకుని బిర్యానీ తిన్నా.

లయన్స్‌కి మాత్రం అలా స్విచ్ వేసినట్టు మారలేదు. గోల్డ్ కోస్ట్ మీద గెలిచారు, అడిలైడ్‌తో డ్రా చేసుకున్నారు, రిచ్‌మండ్‌ని వంద పాయింట్లకి పైగా తేడాతో చితక్కొట్టారు, ఆ ఊపు వారం కూడా నిలవలేదు, హాథార్న్ చేతిలో పడ్డారు. పదకొండు మ్యాచ్‌లయ్యాక లెక్క చూస్తే నాలుగు గెలుపులు, ఆరు ఓటములు, ఒక డ్రా. ఇంక ఈ ఏడాదికి ఇంతేలే అని ఎవరైనా అనుకుంటారు, నేనైతే అనుకున్నా. అప్పుడు మొదలుపెట్టి వరసగా తొమ్మిది గెలిచారు. ఆరు కాదు, తొమ్మిది.

ఆఖర్లో మళ్ళీ కాలు జారింది. 23వ రౌండ్‌లో కాలింగ్‌వుడ్ చేతిలో మళ్ళీ ఒక్క పాయింట్‌తో ఓటమి. ఆ ఒక్క పాయింట్ ఎంత ఖరీదైందో చూడు. మొత్తం 23 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు, 8 ఓటములు, ఒక డ్రాతో ఐదో ప్లేసు. అది గెలిచుంటే మొదటి నాలుగులో ఉండేవాళ్ళు, మొదటి నాలుగులో ఉన్నవాళ్ళకి ఫైనల్స్‌లో, అంటే మన ప్లేఆఫ్స్ లాంటివాటిలో, మొదటి మ్యాచ్ ఓడినా ఇంకో చాన్స్ ఉంటుంది, ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్ళు ఓడితే సంచి సర్దుకోవడమే. అంటే వీళ్ళు నాలుక్కి నాలుగూ గెలవాలి, అందులో సొంతూర్లో ఆడేది మొదటిదొక్కటే.

ఆ మొదటిది సెప్టెంబర్ 7న, వినాయక చవితి రోజు, శివరాత్రి నాడు ముంచిన ఆ కార్ల్‌టన్ మీదే, గెలిచారు. (దేవుళ్ళ పేర్లతో సీజన్ రాస్తున్నానని నవ్వకు, తేదీలు అలా పడ్డాయి, నేనేం చెయ్యను.)

తర్వాత శనివారం, 14వ తారీఖు, సిడ్నీలో జీడబ్ల్యూఎస్‌తో. మనకి మధ్యాహ్నం మూడింటికి మొదలు. ఇది మాత్రం వివరంగా చెప్తా ఎందుకంటే నా పరువు పోయిన మ్యాచ్ ఇది. బయట వీధి చివర వినాయకుణ్ణి నిమజ్జనానికి ఎత్తుతున్నారు, డప్పులు, నేను ఫోన్ పట్టుకుని మంచం మీద. మూడో క్వార్టర్లో 44 పాయింట్లు వెనకపడ్డారు. 44 అంటే ఏడు గోల్స్ పైమాట. ఛీ అని ఫోన్ దిండు కింద పడేసి, బకెట్లో నానబెట్టిన బట్టలు గుర్తొచ్చి, అవి పిండుకుని మేడ మీదకెళ్ళి ఆరేశా, తీరిగ్గా, క్లిప్పులు కూడా పెట్టి. కిందకొచ్చి చూస్తే బ్రిస్బేన్ ప్రాజెక్టులో పనిచేసే ఫ్రెండ్‌వి పదకొండు మిస్డ్ కాల్స్. 105-100, లయన్స్ గెలిచారు. ఆఖరి నిమిషాల్లో జో డానిహర్ కొట్టాడట. "ఎక్కడ చచ్చావురా" అంటే "బట్టలు ఆరేస్తున్నా" అన్నా. వాడు ఇప్పటికీ నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు ఆ మాటతోనే మొదలెడతాడు.

సెమీస్ తర్వాతది మెల్బోర్న్‌లో జీలాంగ్‌తో, అక్కడా వెనకబడి లేచి 10 పాయింట్లతో గెలిచారు, కాకపోతే ఆస్కర్ మెకినర్నీ అనే పొడుగాటి రక్‌మన్ భుజం జారిపోయి ఫైనల్‌కి లేకుండా పోయాడు. రక్‌మన్ అంటే ఆట మొదలెట్టేటప్పుడు బంతి కోసం గాల్లోకి ఎగిరేవాడు, తాటిచెట్టంత ఉంటారు.

ఫైనల్ 28న, మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, మనకి సరిగ్గా పొద్దున పది. ఈసారి బట్టలు గిట్టలు పెట్టుకోకుండా ఫ్రెండుతో కలిసి మారతహళ్లిలో మేము తినే ఆంధ్రా మెస్‌లో కూర్చున్నా, ఫోన్‌ని కారప్పొడి డబ్బాకి ఆనించి. పెసరట్టు వచ్చేలోపు గోల్స్ పడటం మొదలైంది. సప్లయర్ కుర్రాడిది పలమనేరు, ప్రతిసారీ అల్లం చట్నీ వేసే వంకతో వచ్చి వంగి చూసి "ఇంకా కొడతానే ఉండారా సార్" అని వెళ్తున్నాడు. సిడ్నీ స్వాన్స్ ఆ ఏడాది టేబుల్ టాపర్లు, వాళ్ళని 120-60తో కొట్టారు. సగం ఆటకే అయిపోయింది, రెండో సగం మేము కాఫీ తాగుతూ చూశాం. ఆరు నెలలు నరాలు తెంపి ఆఖరి రోజు ఇంత తేలిగ్గా గెలిస్తే, నిజం చెప్తున్నా, కాస్త వెలితిగా కూడా అనిపించింది.

క్లయింట్ గొంతు ఎందుకు మారుతుందో అర్థమైందిగా. ఈ సోమవారం ఊ కొట్టకుండా "44 డౌన్ నుంచి గెలిచిన ఆ సెమీ ఫైనల్ మీరు చూశారా సార్" అని అడుగు. కాల్ ఎంతసేపు సాగినా నా పూచీ లేదు.

ప్ర: ఇది రగ్బీయే కదా సార్? (హెబ్బాళ)

జ: కాదు. రగ్బీలో బంతిని ముందుకి విసరకూడదు, వీళ్ళకి అసలు విసరడమే కుదరదు, పిడికిలితో గుద్ది పంపాలి లేదా కాలితో తన్నాలి. గ్రౌండ్ కూడా క్రికెట్ గ్రౌండ్ లాగా గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో. ఒక్కో వైపు 18 మంది, ఆఫ్‌సైడ్ లేదు. క్రికెటర్లు చలికాలంలో ఖాళీగా కూర్చోకుండా ఆడుకోవడానికి మెల్బోర్న్‌లో 1850ల చివర్లో రూల్స్ రాసుకుని మొదలెట్టిన ఆట.

ప్ర: అన్నయ్యా, మా ఆయన శనివారం పొద్దున్నే ఇది పెట్టుకుని కూర్చుంటారు. నాకు అర్థం కానిది ఒక్కటే. గోల్ మిస్సయినా పాయింట్ ఇస్తారేంటి? మిస్సయితే ఎవరైనా తిడతారు గానీ బహుమతి ఇస్తారా? (కేఆర్ పురం నుంచి ఒక చెల్లెమ్మ)

జ: హహ. టీవీలో సరిగ్గా చూడమ్మా, అక్కడ నాలుగు కర్రలుంటాయి, మధ్యలో రెండు పొడుగువి, అటొకటి ఇటొకటి పొట్టివి. మధ్య రెండింట్లోంచి తంతే గోల్, 6. పొడుగు కర్రకీ పొట్టి కర్రకీ మధ్య నుంచి పోతే దాన్ని బిహైండ్ అంటారు, 1. కర్రల దగ్గర నిలబడే అంపైర్ రెండు జెండాలూపితే గోల్, ఒకటూపితే బిహైండ్.

ఒక్క పాయింటే కదా అని తీసిపారేయొద్దు. పైన చెప్పిన 2023 ఫైనల్లో లయన్స్ 13 గోల్స్ కొట్టారు, కాలింగ్‌వుడ్ 12 కొట్టింది. గోల్స్ ఎక్కువ కొట్టినవాళ్ళే ఓడిపోయారు. ఎందుకంటే కాలింగ్‌వుడ్‌కి బిహైండ్లు 18, వీళ్ళకి 8. కావాలంటే కాగితం మీద వేసుకో, 12 ఆర్లు 72, 18 కలిపితే 90. మన ఇళ్ళల్లో పోపుడబ్బాలో చిల్లర లాగా అన్నమాట, నెలాఖరున కరెంటు బిల్లు దాంతోనే కట్టేవాళ్ళు మా అమ్మ.

మీ ఆయన సంగతంటావా, ఫైనల్ ఏడాదికి ఒక్కసారే, ఆ ఒక్క శనివారం వదిలెయ్. మిగతా శనివారాలు కూరగాయలకి పంపు.

ప్ర: లయన్స్ టేబుల్లో అంత కింద ఉన్నప్పుడే వీళ్ళు లేస్తారని తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? మనకి నెట్ రన్‌రేట్ లాగా? (సీఏ చదువుతున్నా, జయనగర)

జ: మంచి ప్రశ్న, లెక్కల పిల్లాడివి అనిపించుకున్నావ్. వాళ్ళకి పర్సెంటేజ్ అని ఉంటుంది. సీజన్ మొత్తం నువ్వు కొట్టిన పాయింట్లని నీ మీద కొట్టిన పాయింట్లతో భాగించి వందతో గుణించడమే. ఆ 120-60 ఫైనల్ ఒక్కటే తీసుకుంటే లయన్స్‌ది 200, సిడ్నీది 50. గెలిస్తే 4, డ్రా అయితే 2, పాయింట్లు సమానమైతే పర్సెంటేజ్ చూస్తారు. మన నెట్ రన్‌రేట్ లాగా దీనికి ఓవర్లు, ఆలౌట్ గొడవలు లేవు, ఒకటో తరగతి భాగాహారం చాలు. 2024 మే 18న చిన్నస్వామిలో ఆర్‌సీబీ చెన్నై మీద గెలిస్తే చాలదు, కనీసం 18 పరుగులతో గెలవాలి అని ఊరంతా చార్టర్డ్ అకౌంటెంట్లు అయిపోయారు గుర్తుందా, చివరికి 27తో గెలిచారు, ఆ రాత్రి మా వీధిలో తెల్లారేదాకా హారన్లే.

నీ అసలు ప్రశ్నకి వస్తే, నేను ప్లేసు చూడను, ఓడిన మ్యాచ్‌లు ఎంత తేడాతో ఓడారో చూస్తా. లయన్స్ ఎనిమిది ఓటముల్లో రెండు ఒక్కో పాయింట్‌తో, పైగా ఒక డ్రా. ఆ రెండు పాయింట్లు ఇటు పడుంటే మొత్తం కథ వేరే, మనం "ఎత్తుపల్లాలు" అనేవాళ్ళమే కాదు, మంచి టీమ్, బాగా ఆడింది అనేవాళ్ళం. చిత్తుగా ఓడినవీ ఉన్నాయిలే, ఏప్రిల్ 25 లాంటివి, అందుకే ఏప్రిల్లో ఎవడైనా నాకు ముందే తెలుసు అంటే నమ్మకు. నేను బట్టలు ఆరేసుకున్నవాణ్ణి, నాకేం తెలుసు.

ప్ర: అన్నా నేను మెల్బోర్న్‌లో ఎంఎస్ చేసి మొన్నే బెంగళూరు వచ్చేశా. నేను కాలింగ్‌వుడ్ మనిషిని. 2023లో కప్పు కొడితే రోడ్డు మీద డాన్సులేశాం. మరుసటి ఏడాది తొమ్మిదో ప్లేసు. లయన్స్ గురించి రాస్తారు గానీ మా బాధ ఎవరికీ పట్టదా? (సర్జాపూర్ రోడ్)

జ: పట్టింది నాయనా, రా కూర్చో. నీ టీమ్ కూడా లయన్స్ లాగే మూడుకి మూడు ఓడి మొదలెట్టింది, విచిత్రం ఏంటంటే ముందు ఏడాది ఫైనల్ ఆడిన ఇద్దరూ అలాగే మొదలెట్టారు. తర్వాత మీరూ లేచారు, 12 గెలుపులు, 9 ఓటములు, 2 డ్రాలు. మొత్తం 52 పాయింట్లు. కార్ల్‌టన్‌కీ 52. మీ పక్కింటి శత్రువు కార్ల్‌టన్ పర్సెంటేజ్ మీద ఎనిమిదో సీటు ఎక్కి కూర్చుంది, మీరు బస్సు కింద నిలబడిపోయారు. సిల్క్ బోర్డ్ దగ్గర పొద్దున తొమ్మిదింటికి బీఎంటీసీ ఎక్కబోయినవాడికి ఈ బాధ కొత్తేం కాదు.

మీది నిజానికి మూడేళ్ళ కథ. 2021లో కింద నుంచి రెండో ప్లేసు, 17. క్రెగ్ మెక్‌రే కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాదే ప్రిలిమినరీ ఫైనల్లో (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్) సిడ్నీ చేతిలో ఒక్క పాయింట్‌తో ఓటమి, ఆ మరుసటి ఏడాది కప్పు, ఆ మరుసటి ఏడాది తొమ్మిది. ఇంత ఊగే ఉయ్యాల ఎక్కినవాడివి, కడుపులో తిప్పితే నన్నడిగితే ఎలా.

ప్ర: అన్నా, బెళ్ళందూరులో రాత్రిళ్ళు టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడతా. పోయిన నెల తిరగబోతే మోకాల్లో టప్ మని సౌండ్. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగింది అన్నారు. ఆపరేషన్ అంటే భయంగా ఉంది, మళ్ళీ ఆడగలనా? లయన్స్‌లో కూడా చాలామందికి ఇదే అయిందటగా.

జ: అయింది. 2024 ఒక్క ఏడాదిలోనే కోల్‌మన్, లింకన్ మెకార్తీ, టామ్ డీడీ, డార్సీ గార్డినర్, నలుగురికి. కప్పు కొట్టిన రోజు వీళ్ళు జెర్సీ లేకుండా చూస్తూ కూర్చున్నారు.

కానీ నువ్వు తెలుసుకోవాల్సింది విల్ యాష్‌క్రాఫ్ట్ గురించి. 2023 జులైలో ఏసీఎల్ పోయింది, పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఆ ఏడాది ఫైనల్ మిస్సయ్యాడు. దాదాపు ఏడాది తర్వాత, 2024 సీజన్ మధ్యలో తిరిగొచ్చాడు, వచ్చి ఫైనల్లో నార్మ్ స్మిత్ మెడల్ కొట్టాడు, అంటే ఫైనల్లో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చేది. 2025 ఫైనల్లో లయన్స్ జీలాంగ్ మీద గెలిచి వరసగా రెండో కప్పు ఎత్తారు, ఆ మెడల్ మళ్ళీ వాడికే.

ఇప్పుడు జాగ్రత్తగా విను. వాడికి రోజూ వెనకాల ఫిజియో, జిమ్, డాక్టర్ ఉన్నారు, అయినా ఏడాది పట్టింది. నీకు వెనకాల లాప్‌టాప్ బ్యాగ్ తప్ప ఏం లేదు. ఆటకి తిరిగి వెళ్ళడానికి మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, ఆరు నెలలకే నొప్పి పోయింది కదా అని టర్ఫ్ ఎక్కితే రెండోసారి తెగే చాన్స్ ఎక్కువ. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది మోకాళ్ళు చూసే ఆర్థోపెడిక్ సర్జన్‌ని అడుగు, ఇద్దర్ని అడిగినా తప్పులేదు, పత్రిక్కి రాయడం మాత్రం ఆపు. అన్నిటికంటే ముందు ఫిజియోథెరపీ ఎగ్గొట్టకు. మా ఫ్రెండొకడు మూడు సెషన్లు చేసి మానేశాడు, ఇప్పుడు వాడు మెట్లు దిగేటప్పుడు లెక్కపెట్టుకుంటూ దిగుతాడు.

ప్ర: ఆ యాష్‌క్రాఫ్ట్ వాళ్ళ నాన్న కూడా లయన్స్‌లోనే ఆడాడంట, తమ్ముడు కూడా వచ్చాడంట. అంటే అక్కడ కూడా వారసత్వమేనా బాసూ? (సినిమా పిచ్చోడు, బీటీఎం)

జ: అక్కడ అది చాటుమాటు యవ్వారం కాదు, రూల్ బుక్కులోనే ఉంది. తండ్రి ఆ క్లబ్‌కి కనీసం వంద మ్యాచ్‌లు ఆడుంటే కొడుకుని తీసుకునే మొదటి హక్కు ఆ క్లబ్‌ది. ఫ్రీగా కాదు, కొత్త కుర్రాళ్ళని క్లబ్బులు వరసగా ఏరుకునే డ్రాఫ్ట్‌లో ఇంకో క్లబ్ ఆ కుర్రాణ్ణి ఎన్నో నంబర్ దగ్గర అడిగితే దానికి తగ్గ డ్రాఫ్ట్ పాయింట్లు కక్కాలి. వాళ్ళ నాన్న మార్కస్ 2001, 2002, 2003 మూడు కప్పుల టీముల్లోనూ ఉన్నాడు. విల్ 2022 డ్రాఫ్ట్‌లో రెండో నంబర్, తమ్ముడు లీవై 2024లో ఐదో నంబర్.

అయినా వారసుడు కాబట్టి ఆడిస్తారనుకుంటున్నావేమో, గ్రౌండ్‌లో మోకాలికి వాళ్ళ నాన్న ఎవరో తెలీదు. పైగా ఆ కోచ్‌ని చూడు, క్రిస్ ఫేగన్, టాస్మేనియా మనిషి, పెద్ద లీగ్‌లో ప్లేయర్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆయనొచ్చిన మొదటి ఏడాది, 2017లో, లయన్స్ అట్టడుగున, వాళ్ళు సరదాగా చెక్క తెడ్డు ఇచ్చారంటారు దాన్ని. ఆఖర్న వచ్చినవాళ్ళకి డ్రాఫ్ట్‌లో మొదటి పిల్లాణ్ణి ఏరుకునే హక్కు ఉంటుంది కాబట్టి క్యామ్ రేనర్‌ని తీసుకున్నారు, ఏడేళ్ళ తర్వాత ఆ రేనరే కప్పు పట్టుకున్నాడు. ఫేగన్‌కి అప్పుడు 63, అంత వయసులో కప్పు కొట్టిన కోచ్ ఆ లీగ్‌లో అంతకుముందు లేడు. మన దగ్గర ఒకప్పుడు 58కే శాలువా కప్పి పంపించేసేవాళ్ళు.

ప్ర: బాబూ, నేను నెల్లూరు వాణ్ణి, మా వాడి దగ్గర ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్నాను. ఎంసీజీ అంటే క్రికెట్ గ్రౌండ్ కదా, అక్కడ ఇంతమంది పరిగెత్తి తొక్కితే పిచ్ ఏం కావాలి?

జ: బాబాయ్ గారూ, అసలైన ప్రశ్న మీరే అడిగారు. ఎంసీజీలో పిచ్‌ని బయట పెంచుతారు, పెద్ద ఇనప ట్రేలో మడి పోసినట్టు, క్రికెట్ సీజన్ రాగానే ఎత్తుకొచ్చి మధ్యలో దించుతారు, ఫుట్‌బాల్ వచ్చేసరికి మళ్ళీ ఎత్తేస్తారు. నారుమడి పీకి నాట్లేసినట్టే అనుకోండి.

ఆ 2024 ఫైనల్ అయింది సెప్టెంబర్ 28న. సరిగ్గా మూడు నెలలకి, డిసెంబర్ 28న, అదే గ్రౌండ్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు, 99 మీద ఉండగా బుమ్రా అవుటైపోతే సిరాజ్ వచ్చి కమిన్స్ బంతులు మూడు ఆపాడు, స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న చేతులు జోడించి నిలబడి ఉన్నాడు, మీరూ చూసే ఉంటారు. ఆ రోజు మాత్రం నేను మేడ మీదకి పోలేదు. బకెట్లో బట్టలు సాయంత్రం దాకా అలాగే నానాయి.